నొప్పి మందులు, అరవై రోజుల గడువు: మలక్‌పేట పెద్దాయన కేసు

ఐదు లక్షల పాలసీ చేతిలో ఉంటుంది, నెలనెలా వాడే నొప్పి మందుకు మాత్రం జేబులోంచే కట్టాలి. మా పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) ఓపీలో రోజూ వినే గోడు ఇదే. సలహాలు విడివిడిగా చెబితే ఎవరికీ గుర్తుండవు కాబట్టి ఒక కేసును మొదటి నుంచి రాస్తున్నాను. పేషెంట్‌ను గుర్తుపట్టే వివరాలు మార్చాను. చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను: మన పాలసీలు నొప్పి మాత్రకు డబ్బివ్వవు గానీ, ఆ మాత్ర అవసరాన్ని తగ్గించే చికిత్సకు ఇస్తాయి. బీమా కంపెనీ దగ్గర ఆ చికిత్స కోసం గట్టిగా అడగాలి, మాత్రను వేరే దారిలో తెచ్చుకోవాలి. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది.

పేషెంట్

మలక్‌పేటలో ఉండే 67 ఏళ్ల పెద్దాయన. ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో లెక్కలు రాసి రిటైరయ్యారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకింది. నడుము దగ్గర ఎల్3 వెన్నుపూసలోనూ, కుడి తుంటిలోనూ నొప్పి. కొడుకు ప్రైవేటు ఉద్యోగి. అతని ఆఫీసు గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులకు 5 లక్షల కవరేజీ ఉంది, 20 శాతం కో-పే. అంటే ఒప్పుకున్న బిల్లులో ఐదో వంతు వీళ్లే కట్టుకోవాలి.

మొదట్లో వీధి చివర క్లినిక్‌లో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు చాలాకాలం నడిచాయి. తర్వాత వేరే ఆసుపత్రిలో మార్ఫిన్ మాత్రలు మొదలుపెట్టారు: 10 మి.గ్రా. చొప్పున నాలుగు గంటలకోసారి, రోజుకు 60 మి.గ్రా. నొప్పి బాగా తగ్గింది, ఆయన మళ్లీ వీధిలోకి నడిచి వెళ్లేవారట. తర్వాత మెల్లగా మత్తు మొదలైంది. చేతులు ఉన్నట్టుండి ఎగిరిపడేవి. "గ్లాసు పట్టుకుంటే సగం నీళ్లు చొక్కా మీదే డాక్టర్ గారూ" అన్నారు వాళ్లావిడ. కొడుకు భయపడి మాత్రలు ఆపేశాడు. రెండో రోజుకే నొప్పి తిరగబెట్టింది. అలా మా దగ్గరికి వచ్చారు.

కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 2.6, అంటే బాగా ఎక్కువ. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ ఉబ్బి ఉన్నాయి. గడ్డ మూత్రనాళాల మీద ఒత్తుతోంది. మార్ఫిన్‌ను కాలేయం విరగ్గొడుతుంది, విరిగిన పదార్థాలు కిడ్నీల ద్వారా బయటికి పోవాలి. కిడ్నీ మందగిస్తే అవి ఒంట్లో పేరుకుని మత్తు, కండరాల కుదుపులు తెస్తాయి. అంటే ఇది అలవాటు కాదు, మందుకు బానిసవడం కాదు. ఈ మాట కొడుక్కి కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాల్సి వచ్చింది. అడ్మిట్ చేసుకుని సెలైన్ పెట్టాం, యూరాలజీ వాళ్లు స్టెంట్లు (మూత్రనాళాలు తెరిచి ఉంచే సన్నని గొట్టాలు) వేశారు, మార్ఫిన్ బదులు ఫెంటానిల్‌కు మార్చాం. ఫెంటానిల్ కిడ్నీల మీద అంతగా ఆధారపడదు. ఇంటికి వెళ్లేటప్పుడు చర్మానికి అతికించుకునే, గంటకు 25 మైక్రోగ్రాములు వదిలే ప్యాచ్ రాశాం.

ఈ ప్యాచ్ దగ్గరే డబ్బు సమస్య మొదలైంది. మార్ఫిన్ మాత్ర చవక. ఫెంటానిల్ ప్యాచ్ మూడు రోజులకోసారి మార్చాలి, నెలకు పది. వాళ్లింటి అద్దెకు కాస్త తక్కువగా తేలింది నెల ఖర్చు.

అడ్మిషన్ ఫారంలో ఒక లైను

దానికంటే ముందు అడ్మిషన్‌కే అడ్డం పడింది. రాత్రి డ్యూటీ డాక్టర్ క్యాష్‌లెస్ ఫారంలో "ప్రోస్టేట్ క్యాన్సర్, ఎముకలకు వ్యాప్తి, నొప్పి తగ్గించడానికి" అని రాశాడు. అబద్ధం కాదు. కానీ టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) వైపు కూర్చున్న మనిషికి అందులో కనిపించేది ఒక్కటే: నొప్పి మందు ఓపీలో ఇవ్వొచ్చు కదా, అడ్మిషన్ ఎందుకు? సరిగ్గా ఆ ప్రశ్నే వచ్చింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ మీద గంటలో నిర్ణయం చెప్పాలి. ప్రశ్న వేస్తే మాత్రం ఆ గంట కాస్తా పూట అవుతుంది.

పొద్దున్నే ఉన్నది ఉన్నట్టు మళ్లీ రాసి పంపాం: ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి నొప్పి మందు) విషప్రభావం, మూత్రనాళాలు మూసుకుపోయి కిడ్నీ దెబ్బతినడం, క్రియాటినిన్ విలువ, గంటగంటకూ శ్వాస గమనించాల్సిన అవసరం, స్టెంట్ ప్లాన్. మధ్యాహ్నానికి అనుమతి వచ్చింది. పేషెంట్ అదే, చికిత్స అదే. మారింది ఫారంలో లైనే. దీన్ని కొందరు డాక్టర్లు గుమాస్తా పని అని చిన్నచూపు చూస్తారు. నా దృష్టిలో సరైన డయాగ్నసిస్‌ను సరిగ్గా రాయడం కూడా వైద్యమే. కుటుంబాలకు నేను చెప్పేది ఇంతే: క్యాష్‌లెస్ ఫారం కాపీ ఒకటి అడిగి తీసుకోండి. అడ్మిషన్ కారణం దగ్గర "నొప్పి" అని ఒక్క మాటే ఉంటే డాక్టర్‌ను వివరంగా రాయమనండి.

డిశ్చార్జ్ తర్వాత

మన దగ్గర ఆరోగ్య పాలసీ అంటే ప్రధానంగా 24 గంటల అడ్మిషన్‌కు, కొన్ని డే కేర్ చికిత్సలకు (అదే రోజు ఇంటికి పంపేవి) డబ్బిచ్చే పాలసీ. ఇంట్లో వేసుకునే మందుకు అందులో ఒక్క చిన్న కిటికీ ఉంది. అడ్మిషన్‌కు ముందు కొన్నాళ్లు, డిశ్చార్జ్ తర్వాత కొన్నాళ్లు, అదే జబ్బుకు డాక్టర్ రాసిన మందులు, పరీక్షలు క్లెయిమ్ చేసుకోవచ్చు. ఆరోగ్య సంజీవని లాంటి స్టాండర్డ్ పాలసీలో ముందు 30 రోజులు, తర్వాత 60. ఎక్కువ ప్రీమియం పాలసీల్లో 90, 180 కూడా ఉంటాయి. ఈయనది 60.

ఈ కిటికీ ఉందని కొడుక్కి తెలియదు. చాలామందికి తెలియదు. డిశ్చార్జ్ రోజు బిల్లు సెటిలైందంటే కథ ముగిసిందనుకుని ఫైలు మూసేస్తారు. ఆ తర్వాత రెండు నెలల మందుల బిల్లులు డబ్బాలో పడి ఉంటాయి, లేదా అసలు బిల్లే తీసుకోరు. మేము ప్యాచ్, నొప్పి పెరిగినప్పుడు వేసుకునే మందు, విరేచనం మందు, అన్నీ డిశ్చార్జ్ సమ్మరీలోనే మోతాదుతో సహా రాశాం. షాపు బిల్లు మీద పేషెంట్ పేరు, డాక్టర్ పేరు, బ్యాచ్ నంబరు ఉండాలని చెప్పాం. క్లెయిమ్ పంపే గడువు పాలసీలో చూసుకోమన్నాం. ఆ 60 రోజులు ముగిశాక 15 రోజుల్లో పంపాలనే పాలసీలు చాలా ఉన్నాయి.

మొదటి నెల బిల్లులు పంపితే వచ్చిన సెటిల్‌మెంట్ కాగితం చూసి వాళ్లావిడ నా ముందు ఏడ్చినంత పని చేశారు. ప్యాచ్‌ల ఖర్చు మొత్తం కొట్టేశారు. పక్కన కారణం: "కోడ్ 12". బీమా కంపెనీలన్నిటికీ ఒకే భాష ఉండాలని 2019లో ఐఆర్‌డీఏఐ మినహాయింపులకు కోడ్‌లు ఇచ్చింది. అందులో 12 అంటే మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగం, వ్యసనాలకు చేసే చికిత్స. "మా ఆయన జన్మలో సిగరెట్ కూడా ముట్టలేదండీ. ఇప్పుడు మత్తుమందులకు అలవాటు పడ్డాడని రాస్తారా?" అందామె. పెద్దాయన మాత్రం కాగితం తీసుకుని కూడికలు సరిచూసుకుంటూ, "విరేచనం మాత్ర కూడా కొట్టేశారు చూశావా" అన్నారు.

ఫెంటానిల్ పేరు మత్తుమందుల నియంత్రణకు చేసిన ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంటుంది. అంతమాత్రాన దాన్ని క్యాన్సర్ నొప్పికి వాడటం వ్యసనానికి చికిత్స ఎలా అవుతుంది? ఎవరో డ్రాప్‌డౌన్‌లో తప్పు కోడ్ నొక్కారా, నిజంగానే అలా నమ్మారా, నాకు తెలియదు, తెలుసుకునే అవసరమూ లేదు. లెటర్‌హెడ్ మీద నాలుగు విషయాలు రాసిచ్చాను. క్యాన్సర్ ఎముకలకు పాకిన నొప్పికే ఈ మందు రాశాం. కిడ్నీ రిపోర్టు ప్రకారం మార్ఫిన్ ఇవ్వడం ప్రమాదం. వ్యసనానికి సంబంధించిన ఏ డయాగ్నసిస్సూ ఈ పేషెంట్‌కు లేదు. ఓపియాయిడ్ వాడే ప్రతి ఒక్కరికీ దాదాపుగా మలబద్ధకం వస్తుంది కాబట్టి విరేచనం మందు చికిత్సలో భాగం, విడిగా కొన్న టానిక్ కాదు.

ఈ లెటర్‌తో కొడుకు బీమా కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదులు చూసే అధికారి) ఫిర్యాదు పెట్టాడు, ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేశాడు. తిరస్కరిస్తే అది పాలసీలోని ఏ షరతు ప్రకారమో చెప్పాల్సిన బాధ్యత కంపెనీదే. ఆ షరతు మనకు వర్తించదని చూపించగలిగితే సగం పని అయినట్టే. కో-పే పోను ప్యాచ్‌ల డబ్బు, విరేచనం మందు డబ్బు వచ్చాయి. పెద్దల డైపర్ల డబ్బు రాలేదు. ఏ రకం డైపరైనా సరే చెల్లించనక్కర్లేని వస్తువుల జాబితాలో ఉంది కాబట్టి దాని మీద వాదించవద్దని ముందే చెప్పాను.

అక్కడ పని కాకపోతే తర్వాతి మెట్టు బీమా అంబుడ్స్‌మన్. ఆఫీసు లక్డీకాపూల్ ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్‌తో పని లేదు. కంపెనీ కాదన్నాక ఏడాదిలోపు వెళ్లాలి, నెల రోజుల్లో జవాబే రాకపోయినా వెళ్లొచ్చు. 50 లక్షల దాకా తీర్పు ఇచ్చే అధికారం ఉంది. గ్రూప్ పాలసీ అయినా తీసుకుంటారు.

రేడియేషన్

ఎల్3 మీద రేడియేషన్ అనేసరికి ఇంట్లో అందరూ డీలా పడ్డారు. ముప్పై రోజులు తిరగాలేమో అని భయం. ఎముక నొప్పికి 8 గ్రే (రేడియేషన్ కొలత) ఒకే డోసు చాలు, అదీ ఒక్క పూట పని. నొప్పి తగ్గించడంలో ఒక్క డోసు, పలు డోసులు సమానమని చాలాకాలంగా నిరూపణ అయిన విషయమే. కాకపోతే కొందరికి మళ్లీ ఇవ్వాల్సి రావచ్చు. ఫలితం వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. మొదటి రెండు రోజులు నొప్పి పెరగవచ్చు కూడా.

ఇది డే కేర్ కిందికి వస్తుంది, క్యాష్‌లెస్ ఏ గొడవా లేకుండా అయింది. మూడో వారానికి ప్యాచ్ 25 నుంచి 12 మైక్రోగ్రాములకు దిగింది. (పాత ప్యాచ్‌ను సగానికి కత్తిరించి అతికించుకోవచ్చా అని అడుగుతారు. కత్తిరిస్తే మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోయే ప్రమాదం ఉంది, వద్దు. వేడి కాపడం కూడా ప్యాచ్ మీద పెట్టకూడదు.) ఈయన పాలసీలో డే కేర్ తర్వాత కూడా 60 రోజుల కిటికీ వర్తిస్తుంది కాబట్టి లెక్క అక్కడి నుంచి మళ్లీ నడిచింది. కొన్ని పాలసీల్లో పూర్తి అడ్మిషన్‌కే ఇది ఉంటుంది, చదువుకోవాలి.

పాంక్రియాస్ క్యాన్సర్ కడుపునొప్పికి సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ (నొప్పిని మోసే నరాల గుంపుకు ఇచ్చే ఇంజెక్షన్) కూడా ఇలాంటిదే. పాలసీ ఉన్న పేషెంట్ నొప్పి మందు ఖర్చు గురించి అడిగితే, నేను మొదట ఆలోచించేది ఇలాంటి చికిత్స ఏదైనా ఇంకా మిగిలి ఉందా అని. బీమాలోని ఒక విడ్డూరం ఏమిటంటే, క్యాన్సర్ మీద పనిచేసే నోటి కీమోథెరపీ మాత్రను ఆధునిక చికిత్సల జాబితాలో చేర్చి పాలసీలు కవర్ చేయాల్సిందేనన్నారు. ఆ క్యాన్సర్ తెచ్చే నొప్పికి వేసే మాత్రకు అలాంటి చోటు లేదు.

"నెలకో రోజు అడ్మిట్ చేసుకోండి సార్"

రెండో గడువు కూడా దగ్గరపడుతుండగా కొడుకు ఒంటరిగా వచ్చాడు. "సార్, నెలకో రోజు నాన్నను అడ్మిట్ చేసుకుని మందులన్నీ ఆ బిల్లులో వేయించండి. మాకు తెలిసినాయనకి అట్లనే చేశారంట." ఈ మాట అడిగినవాళ్ల మీద నాకు కోపం రాదు. ప్రీమియం కోస్తున్నారు, కార్డులో లక్షలున్నాయి, మందు కొనడానికి చేతిలో డబ్బు లేదు. ఎవరికైనా ఆ ఆలోచనే వస్తుంది. కానీ అవసరం లేని అడ్మిషన్‌కు కారణం కల్పించి రాస్తే అది మోసం కిందికే వస్తుంది. దొరికితే క్లెయిమ్ పోవడంతో ఆగదు, పాలసీ పోవచ్చు, కొడుకు ఉద్యోగానికీ మచ్చ.

ఇదంతా చెప్పాక కూడా అతను కుర్చీలోంచి లేవలేదు. అప్పుడు పెద్దాయనను లోపలికి పిలిపించాను. విషయం విన్నారు. మందుల కవరు వెనక్కి తిప్పి, నా పెన్ను అడిగి తీసుకుని, ఒక రోజు అడ్మిషన్‌కు గది ఎంత, డాక్టర్ విజిట్ ఎంత, నర్సింగ్ ఎంత, రక్తపరీక్షలు ఎంత అని ఒక్కొక్కటే అడిగి వరుసలో వేశారు. కింద గీత గీసి మొత్తం వేశారు, అందులో 20 శాతం తీశారు. పక్కనే చిన్న ప్యాచ్‌లు పదింటి ధర వేశారు. రెండు అంకెలూ దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. "మందు ఫ్రీగా వస్తుందనుకుంటున్నావు నాన్నా, మన కో-పేతోనే ఆ మందు వచ్చేస్తోంది. పైగా ఐదు లక్షల్లోంచి నెలనెలా వాళ్లకు ధారపోయడం" అని కవరు కొడుకు చేతిలో పెట్టారు. ఆ తర్వాత ఆ ప్రస్తావన రాలేదు.

అమెరికాలో ఉన్న కూతురు ఫోన్‌లో వేరే సలహా ఇచ్చింది: ప్రయర్ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) పెట్టించండి, అప్పీల్ చేయండి అని. అక్కడి సమస్య వేరు. అక్కడ బీమా మందుకు డబ్బిస్తుంది గానీ మాత్రలు లెక్కపెడుతుంది. 2016లో అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ మార్గదర్శకాల్లో రోజుకు 90 మి.గ్రా. మార్ఫిన్‌కు సమానమైన మోతాదు దాటేముందు జాగ్రత్త అని రాస్తే, దాన్ని పట్టుకుని చాలా చోట్ల కచ్చితమైన పరిమితిలా వాడారు. 2022లో మార్గదర్శకాలు సవరించాల్సి వచ్చింది. మెడికేర్ పార్ట్ డీలో (అక్కడి ప్రభుత్వ బీమాలో మందుల భాగం) కొత్తగా ఓపియాయిడ్ మొదలుపెట్టేవారికి తొలిసారి ఏడు రోజుల మందే ఇవ్వాలనే నియమం 2019 నుంచి ఉంది, క్యాన్సర్ పేషెంట్లకూ హాస్పిస్‌లో (చివరిదశ సంరక్షణ కేంద్రం) ఉన్నవాళ్లకూ మినహాయింపుతో. అక్కడ అప్పీల్‌కు అర్థం ఉంది. ఇక్కడ 60 రోజులు దాటిన మందుకు అప్పీల్ చేస్తే గెలిచే ఆధారం ఉండదు. కాలం వృథా.

మందు వేరే దారిలో

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం వల్ల ఒకప్పుడు మార్ఫిన్ తెప్పించుకోవడానికే ఆసుపత్రులకు పలు లైసెన్సులు కావాల్సి వచ్చేది, దాంతో చాలామంది స్టాక్ పెట్టడమే మానేశారు. 2014 సవరణతో ఆరు మందులను ఎసెన్షియల్ నార్కోటిక్ డ్రగ్స్‌గా విడదీశారు: మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, ఆక్సీకోడోన్, కోడీన్, హైడ్రోకోడోన్. గుర్తింపు పొందిన వైద్యసంస్థ అయితే రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అనుమతి ఒక్కటే చాలు. అందుకే వీధి మెడికల్ షాపులో "మార్ఫినా? మా దగ్గర ఉండదు" అన్నవాళ్లే మీకు తగులుతారు, గుర్తింపు ఉన్న ఆసుపత్రి ఫార్మసీలో మాత్రం రిజిస్టర్‌లో రాసి ఇస్తారు.

హైదరాబాద్‌లో దీనికి అందరికీ తెలిసిన చోటు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. ప్రభుత్వ ఆసుపత్రి, పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. మలక్‌పేట నుంచి మెట్రోలో లక్డీకాపూల్, మారకుండా ఒకే రైలు. ప్రభుత్వ ఆసుపత్రి అనగానే కొడుకు మొహం చిట్లించాడు. నొప్పి మందు విషయంలో అక్కడి అనుభవం పెద్ద పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల్లో దొరకదని చెప్పాను. వైద్యం మా దగ్గరే కొనసాగిస్తూ మందు కోసం వేరే కేంద్రంలో నమోదు చేసుకోవడానికి ఏ అడ్డూ లేదు.

స్టెంట్లు వేశాక క్రియాటినిన్ 1.8 దగ్గర నిలిచింది, అంతకంటే దిగలేదు. కాబట్టి మళ్లీ మార్ఫిన్‌కు వెళ్లడం నాకు ఇష్టం లేదు. మెథడోన్ ఎంచుకున్నాం. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు పనికొస్తుంది, ప్యాచ్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. కానీ ఇది ఎవరు పడితే వాళ్లు రాసే మందు కాదు. ఒంట్లో ఎంతసేపు నిలుస్తుందో మనిషి మనిషికీ మారుతుంది. మోతాదు తొందరపడి పెంచితే నాలుగైదు రోజుల తర్వాత మత్తు కమ్ముకొస్తుంది. గుండె లయ మీద కూడా ప్రభావం ఉంటుంది. ఈసీజీ తీసి, ప్యాచ్ తీసేసి, 2.5 మి.గ్రా. రోజుకు రెండుసార్లు మొదలుపెట్టాం. వారం పాటు రోజూ ఫోన్‌లో కనుక్కున్నాం. నిలదొక్కుకున్నారు. నెల ఖర్చు మెట్రో చార్జీలతో కలిపినా ప్యాచ్‌ల ధరలో చిన్న భాగమే.

ఇది ఈ ఇంటికి కుదిరిన దారి. కొడుకు జీతం 21,000 లోపు అయి ఉంటే ఈఎస్ఐ డిస్పెన్సరీలో ఓపీ మందులు వచ్చేవి, అతని మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు సీజీహెచ్ఎస్, రాష్ట్ర ఉద్యోగులకు వెల్‌నెస్ సెంటర్లు ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది, ఆపరేషన్లకూ రేడియేషన్‌కూ పెద్ద అండ. ఓపీడీ యాడ్-ఆన్ (ఓపీ ఖర్చులకు అదనపు కవర్) ఉన్న పాలసీలు కొందరి దగ్గర ఉంటాయి, ఈయన గ్రూప్ పాలసీలో అది ఉద్యోగికే గానీ తల్లిదండ్రులకు లేదు. నరాల నొప్పికి వాడే గబపెంటిన్, ప్రీగాబలిన్ లాంటివి జన ఔషధి షాపుల్లో బాగా చవక.

వాళ్లావిడ అలసిపోయి, ఓ వారం ఎక్కడైనా చూసుకుంటారా అని అడిగిన రోజు వచ్చింది. ఇక్కడా బీమా తలుపు మూసే ఉంది. కోడ్ 05 ప్రకారం విశ్రాంతి కోసం చేరడం, చివరిదశ రోగులకు ఇచ్చే శారీరక, మానసిక సేవలు కవర్ కావు. ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్‌లో డబ్బు తీసుకోరు కాబట్టి ఆ నంబరు ఇచ్చాను. చివరికి ఆవిడ చెల్లెలు వచ్చి ఉండటంతో ఆ అవసరం పడలేదు.

ప్రస్తుతం ఆయన ఇంట్లోనే ఉన్నారు. పాలసీలో ఇంకా మూడు లక్షల పైచిలుకు మిగిలి ఉంది, అది మిగలాలనే చూస్తున్నాం. వెన్నులో క్యాన్సర్ ఉంది కాబట్టి ఏ రోజైనా కాళ్లలో బలం తగ్గడం, తిమ్మిరి పాకడం, మూత్రం ఆగిపోవడం జరిగితే వెన్నుపాము గానీ దాని కింది నరాలు గానీ నొక్కుకుపోతున్నాయని అర్థం. అప్పుడు అదే రోజు స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఎంఆర్ఐ, అడ్మిషన్ కావాలి. దానికి పాలసీ పూర్తిగా పనికొస్తుంది. ఫ్రిజ్ మీద అతికించమని ఈ లక్షణాలు పెద్ద అక్షరాలతో రాసిచ్చాం. క్యాష్‌లెస్ డెస్క్ నంబరు, నా నంబరు కిందే ఉన్నాయి. కానీ ముందు బండి ఎక్కించాలి, ఫోన్లు దారిలో చేసుకోవచ్చని కొడుక్కి విడిగా చెప్పాను.